కాటా మీద తేలిన లోపం: పదహారు అడుగుల పాత మోటారు బోటు కేస్ స్టడీ

నెల్లూరులో ఫైబర్ బోట్ల రిపేరు, అవుట్‌బోర్డ్ ఇంజన్ల (బోటు వెనక బయటివైపు బిగించేవి) పని చాలా ఏళ్ళుగా చేస్తున్నాను. మా షెడ్డుకి వచ్చేవి ఎక్కువగా వేట బోట్లే. సరదాకి తిరిగే చిన్న మోటారు బోటు ఎప్పుడో గాని రాదు. అలా వచ్చిన ఒక బోటు కేసు ఇది. "ఇంజన్ లాగడం లేదు" అంటూ తెచ్చే పాత ఫైబర్ బోట్లలో చాలావాటికి జబ్బు ఇంజన్‌లో ఉండదు. ఆ సంగతి ఇంజన్ విప్పకముందే తేల్చుకునే దారి ఒకటుంది, దానికి పెద్ద ఖర్చు కూడా లేదు. అది నలుగురికీ తెలియాలనే ఇది రాస్తున్నాను. ఓనరు ఒప్పుకున్నారు. ఆయన పేరు, ఊరు, బోటు కంపెనీ, ఇంజన్ కంపెనీ మాత్రం చెప్పను. అంకెలు మా నోటుబుక్కులో అప్పటికప్పుడు రాసుకున్నవి.

నేపథ్యం

ఓనరు రొయ్యల చెరువుల రైతు. సొంతూరు ప్రకాశం జిల్లా, చెరువులు నెల్లూరు జిల్లా తీరంలో. ఒక రిజర్వాయర్‌లో పర్యాటకులని తిప్పిన బోటుని ఆయన సెకండ్‌హ్యాండ్‌లో కొన్నారు. పదహారు అడుగుల పొడవు, ఆరున్నర అడుగుల వెడల్పు, రెండు వరసల సీట్లు, వెనక 40 హార్స్‌పవర్ టూ స్ట్రోక్ ఇంజన్. వయసు ఇరవై ఏళ్ళ పైమాటే. రిజర్వాయర్‌లో ఉన్నన్నాళ్ళూ రాత్రీ పగలూ నీళ్ళలోనే కట్టేసి ఉంచారు. తిప్పడం మానేశాక కొన్నేళ్ళు చెట్టు కింద పడి ఉంది. పైన కప్పిన టార్పాలిన్ చిరిగి, వాన నీళ్ళు లోపల నిలిచేవట. ఈ రెండు సంగతులూ ఓనరు మాటల్లో దొర్లిపోయాయి. ఆయనకి అవి పెద్ద విషయాలు కావు. నేను మాత్రం వెంటనే రాసి పెట్టుకున్నాను.

బోటు దేనికి అని అడగందే నేను పని ఒప్పుకోను. వేటకి వెళ్ళే బోటుకి, మనవళ్ళని ఎక్కించుకునే బోటుకి చేసే పని ఒకటి కాదు. ఈయన కారణం వేరే. ఆయన నాన్నగారు వయసులో ఉన్నప్పుడు బకింగ్‌హాం కాలవలో సరుకు పడవల మీద పనిచేసిన మనిషి. పెదగంజాం దగ్గర కొమ్మమూరు కాలవతో కలిసి, అటు విజయవాడ దాకా ఇటు మద్రాసు దాకా పడవలు నడిచిన కాలవ అది. మన తీరం నుంచి ఉప్పు, కట్టెలు అందులోనే మద్రాసు చేరేవి. ఇప్పుడు చాలా చోట్ల పూడిపోయింది. ఆటుపోటు అందే ముక్కల్లో మాత్రం చిన్న పడవ తిరిగేంత నీళ్ళుంటాయి. నడవగలిగినప్పుడే పెద్దాయనని ఒకసారి అక్కడ తిప్పాలని ఓనరు కోరిక. ఆ తర్వాత కుటుంబం అంతా సాయంత్రాలు ఉప్పుటేట్లో తిరగాలి.

ఇంకో షరతు ఆయన భార్య పెట్టారు. ఆమె పుట్టిల్లు ఒంగోలు. 2017 నవంబరు 12న ఇబ్రహీంపట్నం దగ్గర పవిత్ర సంగమంలో బోటు తిరగబడి చనిపోయినవాళ్ళలో చాలామంది ఒంగోలు నుంచి కార్తీకమాసం యాత్రకి వెళ్ళినవాళ్ళే. "లోపలికి నీళ్ళొచ్చినా ఈ బోటు మునక్కూడదన్నా. ఆ మాట మీరు చెబితేనే పిల్లల్ని ఎక్కనిస్తా" అని ఆమె నాతో నేరుగా అన్నారు. ఈ పనిలో తీసుకున్న పెద్ద నిర్ణయాల్లో సగం ఆ మాటని బట్టే తీసుకున్నాం.

వచ్చిన సమస్య

ఫుల్ థ్రాటిల్ ఇచ్చినా బోటు పైకి లేవడం లేదు. ఇలాంటి అడుగున్న బోటు ఒక వేగం దాటాక నీళ్ళని చీల్చుకుంటూ పోవడం మానేసి నీటిమీదికి లేచి జారాలి. ఇది ముక్కు ఆకాశానికెత్తి, వెనక కుంగి, నీళ్ళని తోసుకుంటూ పోతోంది. ఇద్దరు కూర్చుంటే ఫోన్ జీపీఎస్‌లో గంటకి 19 కిలోమీటర్లు. నలుగురు కూర్చుంటే వెనక అంచు మీదుగా నీళ్ళు లోపలికి చిందుతున్నాయి.

మా దగ్గరికి వచ్చేసరికే ఇంజన్ మీద చాలా డబ్బు పోసేశారు. ఒకచోట పిస్టన్లు, రింగులు మార్చారు. ఇంకోచోట కార్బురేటర్లు విప్పి కడిగారు. ఆఖరికి 13 అంగుళాల పిచ్ ప్రొపెల్లర్ తీసేసి 11 అంగుళాలది వేశారు. ఇంజన్ తిరుగుడు 4100 ఆర్‌పీఎం నుంచి 4500కి పెరిగింది. బోటు వేగం మాత్రం 19 నుంచి 20కి వచ్చి ఆగింది. ఇక కొత్త 60 హార్స్‌పవర్ ఇంజన్ కొనేద్దామని ఓనరు డబ్బు సర్దుకుంటున్నారు. "ఇంజన్ ముసలిదైపోయిందన్నా, ఎంతకని బాగుచేస్తాం" అన్నది ఆయన మాట.

ప్రొపెల్లర్ మార్చినప్పటి ఆ రెండు జతల అంకెలు చూశాక నాకు ఇంజన్ మీద అనుమానం తగ్గింది. ఎందుకో చెబుతాను.

లెక్క ఏం చెప్పింది

13 పిచ్ ప్రొపెల్లర్ అంటే, జారుడు (ప్రొపెల్లర్ తిరిగినా బోటు ముందుకి పోకుండా వృథా అయ్యేది) లేకపోతే, ఒక్క చుట్టుకి 13 అంగుళాలు ముందుకి పోవాలి. ఈ ఇంజన్ గేర్ నిష్పత్తి 2:1. ఇంజన్ నిమిషానికి 4100 చుట్లు తిరిగితే ప్రొపెల్లర్ 2050 చుట్లు తిరుగుతుంది. గంటకి లెక్కగడితే 40 కిలోమీటర్ల పైన రావాలి. వస్తున్నది 19. అంటే సగానికి పైగా జారుడులోనే పోతోంది. ఆరోగ్యంగా ఉన్న చిన్న బోటుకి ఈ జారుడు నూటికి పది నుంచి ఇరవై మధ్య ఉంటుంది. 11 పిచ్‌తో లెక్క చేసినా అంతే: 37కి పైగా రావాల్సిన చోట 20.

ఇంజన్ బలం ఒక్కటే తగ్గి ఉంటే జారుడు సాధారణంగా ఇంతగా ఉండదు. ప్రొపెల్లర్ నెమ్మదిగా తిరుగుతుంది, బోటూ దానికి తగ్గట్టే నెమ్మదిగా పోతుంది. ఇక్కడ ప్రొపెల్లర్ తిరుగుతూనే ఉంది, బోటే కదలడం లేదు. ముందు చూడాల్సిన కారణాలు మూడు. ప్రొపెల్లర్ లోపలి రబ్బరు బుష్ జారుతూ ఉండాలి, లేదా ఇంజన్ మరీ ఎత్తులో ఉండి ప్రొపెల్లర్ గాలి పీలుస్తూ ఉండాలి, లేదా బోటు ఉండాల్సినదానికంటే బాగా బరువుండాలి.

బుష్ సంగతి తేల్చడం చాలా తేలిక. ప్రొపెల్లర్ హబ్బు మీదా లోపలి ఇత్తడి బుష్ మీదా కలిసేలా పెయింట్‌తో ఒకే గీత గీశాం. నీళ్ళలో ఫుల్ థ్రాటిల్‌తో తిప్పి తెచ్చి చూస్తే గీత ఎక్కడా తెగలేదు. బుష్ జారడం లేదు. ఇంజన్ ఎత్తు కూడా సరిగానే ఉంది. ప్రొపెల్లర్‌కి పైనుండే అడ్డరేకు బోటు అడుగుతో సమానంగా ఉంది. కంప్రెషన్ గేజ్ పెడితే రెండు సిలిండర్లకీ కొద్దిపాటి తేడానే. గేర్ ఆయిల్ తెల్లబడలేదు, అంటే కింది గేర్‌బాక్సులోకి నీళ్ళు పోలేదు.

మిగిలింది బరువు. అది చూడటానికి బోట్ల షెడ్డు అక్కర్లేదు. ధాన్యం లారీలు, రొయ్యల వ్యాన్లు ఎక్కే కాటా ఉంటే చాలు. ట్రెయిలర్‌తో సహా బోటుని కాటా ఎక్కించాం. మొత్తం 920 కిలోలు. బోటు దించేసి ఖాళీ ట్రెయిలర్ తూచితే 190. అంటే బోటు, దాని మీదున్న సామాను కలిపి 730. ఉండాల్సింది ఎంత? కంపెనీ లెక్కలో ఉత్త బోటు 340. ఇంజన్ 75. బ్యాటరీ, పెట్రోలు, లంగరు, తాళ్ళు, లైఫ్ జాకెట్లు అన్నీ ధారాళంగా వేసుకున్నా 65. మొత్తం 480. ఆ కాటా పది కిలోల మెట్లలో చూపిస్తుంది, కాబట్టి ఒక మెట్టు అటూ ఇటూ అనుకుందాం. అయినా 250 కిలోలు లెక్కకి రావడం లేదు. బోటు ఖాళీగా ఉన్నప్పుడు కూడా అందులో నలుగురు పెద్ద మనుషులు కూర్చునే ఉన్నారన్నమాట.

కాటా చీటీ చేతికిచ్చాక ఓనరు 60 హార్స్‌పవర్ మాట మళ్ళీ ఎత్తలేదు. ఎత్తినా నేను ఒప్పుకునేవాణ్ణి కాదు. పెద్ద ఇంజన్ అంటే వెనక ఇంకో ముప్ఫై కిలోలకి పైగా బరువు, పైగా దాన్ని పట్టుకోవాల్సిన ట్రాన్సమ్ (ఇంజన్ బిగించే వెనక పలక) ఎలా ఉందో అప్పటికి ఎవరూ చూడలేదు.

లోపల ఏముంది

ప్లాస్టిక్ సుత్తితో అడుగంతా, ఫ్లోరంతా తట్టుకుంటూ పోయాం. గట్టిగా ఉన్నచోట టక్‌మని మోగుతుంది, కుళ్ళిన చోట మొద్దుగా పలుకుతుంది. ముందు భాగం బాగానే మోగింది. వెనక సీటు కింది నుంచి చివరిదాకా అంతా మొద్దు. ఇంజన్ బిగించిన బోల్టుల దగ్గర వాషర్లు ఫైబర్‌లోకి కాస్త దిగబడి ఉన్నాయి. అది చూశాక ట్రాన్సమ్ మీద ఆశ వదులుకున్నాను.

ఫ్లోర్‌లో రెండంగుళాల రంధ్రం కోశాం. ఈ బోటుకి ఫ్లోర్ కింద అంతా ఫోమ్ పోసి మూసేశారు. నీళ్ళొచ్చినా మునగకుండా ఉండటానికి అప్పట్లో చేసిన ఏర్పాటు అది. కొత్తగా ఉన్నప్పుడు ఘనపుటడుగు ఫోమ్ కిలో కూడా తూగదు. రంధ్రంలోంచి బయటికి తీసిన ముక్కని పిడికిట్లో నొక్కితే చెరుకుపిప్పి పిండినట్టు నల్లటి నీళ్ళు వేళ్ళ సందుల్లోంచి కారాయి. పులిసిన వాసన. ఘనపుటడుగు నీళ్ళు 28 కిలోలు. పది ఘనపుటడుగుల ఫోమ్ నీళ్ళతో నిండితే మనం వెతుకుతున్న 250 కిలోలు అక్కడే దొరుకుతాయి.

నీళ్ళు ఎలా వెళ్ళాయి? సీట్లని ఫ్లోర్‌కి బిగించిన స్క్రూ రంధ్రాలకి ఎక్కడా సీలింగ్ లేదు. వెనక డ్రెయిన్ ప్లగ్ రంధ్రం లోపల ప్లైవుడ్ అంచు పచ్చిగానే ఉంది, రెసిన్ పూయలేదు. నిలిచిన వాన నీళ్ళు ఏళ్ళ తరబడి ఆ రంధ్రాల్లోంచి దిగాయి. దిగిన నీళ్ళు బయటికి రావడానికి దారి లేదు. ఫోమ్ నీళ్ళు పీల్చదు అని చాలామంది నమ్మకం. కొత్తలో అది నిజమే. ఏళ్ళ తరబడి నీళ్ళలోనే కూర్చున్న ఫోమ్ సంగతి వేరు.

ఆరబెట్టి చూశాం

ఫ్లోర్ కోయడం ఓనరుకి ఇష్టం లేదు. కోస్తే బోటు మళ్ళీ బోటులా ఉండదేమోనని ఆయన భయం. ఆ భయాన్ని నేను తీసిపారేయలేదు, ఎందుకంటే చేతకాని చోట కోస్తే నిజంగానే అలా అవుతుంది. అందుకని ముందు ఆరబెట్టి చూద్దామనుకున్నాం. వేసవి ఎండలు మొదలయ్యాయి, ఇంతకంటే మంచి కాలం దొరకదు. ముక్కు ఎత్తి పెట్టి, ఫ్లోర్‌లో వరసగా రంధ్రాలు చేసి, బ్లోయర్‌తో గాలి పెట్టాం. వెనక కింద ఒక రంధ్రం నీళ్ళు కారడానికి వదిలాం. ఓనరుతో ముందే మాట అనుకున్నాం: మే మొదటి వారానికి ఎక్కువ బరువులో సగమన్నా తగ్గాలి, తగ్గకపోతే కోత.

మళ్ళీ కాటా ఎక్కిస్తే తగ్గింది 30 కిలోలు. కింద కారిన నీళ్ళన్నీ ఫోమ్‌కీ అడుగుకీ మధ్య సందుల్లో ఉన్నవే. ఫోమ్ గదుల్లో చేరిన నీళ్ళకి గాలి తగలదు, ఎండ వేడి కూడా అంత లోపలికి పోదు. పైగా తడి చెక్కని ఆ వేడిలో మూసి ఉంచితే కుళ్ళు ఇంకా ముదురుతుంది. అక్కడితో ఆ ప్రయత్నం ఆపేశాం. కోత మొదలుపెట్టాం. ఈసారి ఓనరు అడ్డు చెప్పలేదు.

ట్రాన్సమ్‌కి కూడా ఒక అడ్డదారి ఉంది. బయటి నుంచి రంధ్రాలు చేసి పల్చటి రెసిన్ ఎక్కించడం. కొందరు అలా చేస్తారు, చౌక. నేను వద్దన్నాను. తడి చెక్కలోకి రెసిన్ ఇంకదు, ఇంకినచోట కూడా పట్టు ఉండదు. ఇంజన్ తోసే బలమంతా పడేది ఆ పలక మీద. అది నడినీళ్ళలో ఊడితే ఇంజన్‌తోపాటు బోటు వెనక భాగం కూడా నీళ్ళలోకి పోతుంది.

కోత, కట్టుబడి

ఫ్లోర్ తీసేముందు చేయాల్సిన పని ఒకటుంది, చాలామంది దాన్ని వదిలేస్తారు. పాత ఫైబర్ బోటు ఆకారం నిలిచేది ఫ్లోర్, దాని కింది దూలాల బలం మీదే. అవి తీసేస్తే అడుగు మెల్లగా వంగుతుంది. కొత్త దూలాలు ఆ వంపు మీదే అతికితే బోటుకి ఆ వంకర శాశ్వతం. అడుగు వెనక భాగంలో కొద్దిపాటి పల్లం పడినా బోటు లేవదు, మళ్ళీ మొదటికొస్తాం. అందుకని బోటుని ట్రెయిలర్ మీంచి దించి, అడుగు వంపుకి సరిపడా కోసిన చెక్క దిమ్మెల మీద, మధ్య మధ్య ఇసుక మూటల మీద కూర్చోబెట్టాం. మేస్త్రీలు వాడే నీళ్ళ ట్యూబుతో నాలుగు మూలలూ లెవెల్ చూసి, షెడ్డు స్తంభాల మీద గుర్తులు పెట్టాం. పని అయ్యేదాకా ప్రతి ఉదయం ఆ గుర్తులు సరిచూసేవాళ్ళం.

ఫ్లోర్‌ని చుట్టూ మూడంగుళాల అంచు వదిలి కోశాం, కొత్త ఫ్లోర్ ఆ అంచు మీద కూర్చుంటుంది. ఫోమ్‌ని గునపంతో, రంపంతో ముక్కలు చేసి గోనె సంచుల్లో ఎత్తి తూచాం. సంచులు తూస్తుంటే ఓనరు పక్కనే నిలబడి కూడుకున్నారు. దూలాల మీద ఫైబర్ పొర ఉంది, లోపలి చెక్క మాత్రం చేత్తో తీస్తే పొడిగా రాలింది. కొన్ని బోట్లలో ఈ చెక్క కేవలం అచ్చు కోసమే ఉంటుంది. పైనున్న ఫైబర్ మందంగా ఉంటే చెక్క పోయినా బలం పోదు. దీనికి పై పొర పల్చన. బరువంతా చెక్కే మోసింది. కాబట్టి దూలాలు పూర్తిగా మార్చాం.

ట్రాన్సమ్‌ని లోపలి నుంచి తీశాం, బయటి ఫైబర్ పొర అలాగే ఉంచాం. బయటి రూపు చెడదు, కొత్త పలకకి అచ్చు కూడా అదే అవుతుంది. ఐఎస్ 710 మార్కున్న మెరైన్ ప్లైవుడ్, 18 మిల్లీమీటర్లవి రెండు కలిపి అతికాం. ఇక్కడ రెసిన్ మీద నిర్ణయం తీసుకోవాలి. మా వేట బోట్లకి వాడేది పాలిస్టర్ రెసిన్. చౌక, అలవాటైన పని. కొత్త బోటు కట్టడానికి అది బాగానే ఉంటుంది. ఎప్పుడో గట్టిపడిపోయిన పాత ఫైబర్‌కీ, చెక్కకీ అతుకు వేయాలంటే ఎపాక్సీ పట్టు చాలా ఎక్కువ. ధర కూడా చాలా ఎక్కువే, చెన్నై నుంచి తెప్పించాలి. దూలాలకి, ట్రాన్సమ్‌కి ఎపాక్సీ వాడి ఫ్లోర్‌కి పాలిస్టర్ వాడదామా అని ఓనరు అడిగారు. గట్టిపడిన ఎపాక్సీ మీద పాలిస్టర్ నమ్మకంగా అతకదు. అందుకని లోపలంతా ఎపాక్సీయే వాడి, ఖర్చు తగ్గించుకోవడానికి బయటి రంగు హంగులు మానుకున్నాం. ముక్కు దగ్గర జెల్‌కోట్‌లో (ఫైబర్ పైనుండే నున్నటి పూత) సన్న పగుళ్ళున్నాయి. సుత్తితో తడితే కింద గట్టిగానే మోగుతోంది, అందుకని వాటిని ముట్టుకోలేదు.

ఎపాక్సీతో పనిచేసేవాళ్ళకి ఒక మాట. మామూలు చాప్డ్ మ్యాట్ (తరిగిన గ్లాస్ పోగుల పరుపు) దీనికి పనికిరాదు. ఆ పోగుల్ని పట్టి ఉంచే బైండర్ పాలిస్టర్ రెసిన్‌లో ఉండే స్టైరీన్‌కి కరుగుతుంది, ఎపాక్సీకి కరగదు. మ్యాట్ బిర్రుగా ఉండిపోయి మూలల్లో అతకదు. అల్లిన గ్లాస్ గుడ్డే వాడాలి. పాత ఫైబర్‌తో కలిసే చోట అంచుని మందానికి పన్నెండు రెట్లు ఏటవాలుగా గ్రైండ్ చేశాం. ఆ ధూళి ఒంటి మీద పడితే రోజంతా దురద, ఊపిరితిత్తుల్లోకి పోతే ఇంకా పెద్ద నష్టం. మాస్కు, అద్దాలు, పొడుగు చేతుల చొక్కా లేనివాణ్ణి మా షెడ్డులో గ్రైండర్ పట్టనివ్వను.

రోహిణి కార్తె ఎండలో రెసిన్ పని ఒక యుద్ధం. బకెట్‌లో కలిపితే తన వేడికి తనే మరిగి నిమిషాల్లో గడ్డకడుతుంది. అందుకని నెమ్మదిగా గట్టిపడే హార్డెనర్ తీసుకున్నాం. కొంచెం కొంచెమే కలిపి వెడల్పాటి ట్రేలో పరిచి వాడాం. గుడ్డ పరిచే పని తెల్లవారుజామునే చేశాం. పచ్చి ప్లైవుడ్ మీద మొదటి పూత మాత్రం పొద్దుగూకాక వేశాం. కారణం ఉంది. ఉదయం పూస్తే ఎండెక్కేకొద్దీ చెక్క రంధ్రాల్లోని గాలి వ్యాకోచించి పూతలో బుడగలు లేస్తాయి. సాయంత్రం చెక్క చల్లబడుతూ రెసిన్‌ని లోపలికి లాక్కుంటుంది. రాత్రి సముద్రపు గాలి తేమకి పూత మీద జిడ్డు పొర చేరేది. పొద్దున్నే నీళ్ళతో, స్క్రబ్బరుతో రుద్ది కడిగి ఆరాకే తర్వాతి పొర వేసేవాళ్ళం.

ట్రాన్సమ్‌లో బోల్టు రంధ్రాలు నేరుగా చేయలేదు. ముందు పెద్ద రంధ్రం చేసి, దాన్ని ఎపాక్సీ పుట్టీతో నింపి, గట్టిపడ్డాక మధ్యలో బోల్టు సైజుకి మళ్ళీ రంధ్రం వేశాం. ఇక సీలింగ్ ఎప్పుడైనా పాడైనా నీళ్ళు తగిలేది ఎపాక్సీకే, చెక్కకి కాదు. డ్రెయిన్ ప్లగ్‌కీ అలాగే చేశాం. ఈ బోటుకి ఇరవై ఏళ్ళ కింద ఆ ఒక్క పని చేసి ఉంటే ఈ కేసే లేదు.

మునగని బోటు

ఫోమ్ తీసేశాం, సరే. దాని స్థానంలో ఏం పెట్టాలి? ఓనరు భార్య షరతు ఇక్కడే వచ్చింది. మళ్ళీ ఫోమ్ పోసి మూస్తే ఇంకొన్నేళ్ళకి ఇదే కథ. థర్మోకోల్ చౌక, కాని పెట్రోలు చుక్క పడితే కరిగిపోతుంది. నీళ్ళు పీల్చని పాలిథిన్ ఫోమ్ దిమ్మెలు తెప్పించి, ఎప్పుడు కావాలంటే అప్పుడు బయటికి తీసి చూసుకునేలా బెల్టులతో బిగించాం.

ఎక్కడ బిగించాలన్నది ఇంకా ముఖ్యం. తేలే వస్తువంతా ఫ్లోర్ కింద ఉంటే, నీళ్ళు నిండిన బోటు తలకిందులవడానికి చూస్తుంది, ఎందుకంటే కిందున్నదే పైకి రావాలని తోస్తుంది. తేలేది పక్కలకీ పైకీ ఉండాలి. పక్క అంచుల కింద, సీట్ల కింద, ట్రాన్సమ్‌కి రెండు వైపులా కలిపి పన్నెండు ఘనపుటడుగులు పెట్టాం. ఘనపుటడుగుకి సుమారు 27 కిలోలు ఎత్తుతుంది. ఫ్లోర్ కింద ఖాళీ. దూలాల్లో నీళ్ళు పారే సందులు, వెనక ఒక గుంట, అందులో పంపు, ఫ్లోర్‌లో విప్పి చూసుకునే గుండ్రటి మూతలు. నీళ్ళు ఎలాగూ వస్తాయి. వస్తే కనపడాలి, బయటికి పోవాలి.

నోటి మాట చాలదని పరీక్ష పెట్టాం. ఇంజన్ తీసేసి, దాని బరువుకి సరిపడా ఇనుప తూకం రాళ్ళు ట్రాన్సమ్ మీద కట్టి, నడుములోతు నీళ్ళలో ప్లగ్ తీసేసి బోటుని నింపాం. వెనక కొంచెం దిగి, అంచులు నీటికి నాలుగు వేళ్ళ పైన ఉండగా ఆగిపోయింది. ఒక పక్క అంచు పట్టుకుని ఇద్దరం వేలాడితే వాలింది, వదిలితే మళ్ళీ నిలబడింది. ఆమె గట్టు మీద నిలబడి అంతా చూశారు. "సరే అన్నా" అని ఒక్క మాట అన్నారు. లైఫ్ జాకెట్లు పిల్లల సైజులవి వేరుగా కొనమని, ఒడ్డునే తొడిగి బోటెక్కాలని నేను చెప్పాను. ఇన్‌ల్యాండ్ వెసల్స్ చట్టం, 2021 కింద కావాల్సిన రిజిస్ట్రేషన్ పని ఓనరు చూసుకున్నారు.

ఇంజన్‌కి చేసింది కొంచెమే. నీళ్ళ పంపు ఇంపెల్లర్, థర్మోస్టాట్, ప్లగ్గులు, గేర్ ఆయిల్ మార్చాం. ఇంధనం పైపులు మాత్రం తప్పనిసరిగా మార్చాలి. బంకుల్లో ఇప్పుడు దొరుకుతున్నది ఇథనాల్ కలిపిన పెట్రోలు. పాత రబ్బరుని అది మెత్తబరుస్తుంది. గాలిలో తేమ పట్టి నిలవుంటే నీళ్ళూ ఇథనాలూ కలిసి ట్యాంకు అడుక్కి దిగుతాయి. కొత్త రకం పైపులు వేసి, నీళ్ళు వేరుచేసే ఫిల్టర్ పెట్టాం. పెట్రోలు కొన్న వారంలో వాడేయమని చెప్పాం.

ఫలితం

కాటా మీద బోటు 490 కిలోలు తూగింది. పాత 13 పిచ్ ప్రొపెల్లరే వేసి ఇద్దరం ఎక్కాం. 4900 ఆర్‌పీఎం, గంటకి 40 కిలోమీటర్లు. జారుడు నూటికి పద్దెనిమిది దాకా. అదే ఇంజన్, అదే ప్రొపెల్లర్. ఆరుగురు ఎక్కితే బోటు లేస్తోంది గాని తిరుగుడు 4400 దగ్గర ఆగుతోంది. ఈ ఇంజన్‌కి ఫుల్ థ్రాటిల్‌లో 4500 నుంచి 5500 ఉండాలి. ముందు దండగ అనుకున్న 11 పిచ్ ప్రొపెల్లర్ ఇప్పుడు పనికొచ్చింది. అది వేస్తే ఆరుగురితోనూ 4750. కుటుంబమంతా వెళ్ళే రోజు అది, ఓనరు ఒక్కరే వెళ్ళే రోజు 13.

పెద్దాయన కోసం పక్కన ఒక మెట్టు, పట్టుకోవడానికి స్టీలు రాడ్డు పెట్టాం. పోటు ఎక్కే వేళ చూసుకుని కాలవలోకి మెల్లగా, నడక కంటే కాస్త ఎక్కువ వేగంతో తీసుకెళ్ళారు. ఆ వేగంలో ఇంజన్ చప్పుడు తక్కువ, ఒకరి మాట ఒకరికి వినపడుతుంది. "ఈ గట్టు మీదనే తాడు భుజానికేసుకుని లాగేవాళ్ళం అబ్బాయా" అని ఆయన చూపిస్తూ వచ్చారట. అప్పటినుంచి వాళ్ళు తిరిగేదంతా ఇంచుమించు ఆ వేగంలోనే. 40 కిలోమీటర్ల స్పీడు ఎందుకు మరి అని ఎవరన్నా అడగొచ్చు. సాయంత్రం ఎదురుగాలి లేచినా, ఆటు లాగేస్తున్నా చీకటిపడేలోపు ఇల్లు చేరే శక్తి బోటులో ఉండాలి. బరువు తగ్గినందువల్ల బోటు పైకి తేలింది, లోతు తక్కువున్న కాలవలో ప్రొపెల్లర్ నేలకి తగలడం కూడా తగ్గింది.

ఇలాంటి బోటు కొనేవాళ్ళకి

బేరం ఆడేముందే కాటా ఎక్కించండి. కంపెనీ లెక్క దొరక్కపోతే అదే సైజు మంచి బోటు ఇంకోటి తూచి పోల్చుకోండి. బోటు ఇన్నాళ్ళూ ఎక్కడుందో, నీళ్ళలో కట్టేసి ఉంచారో గట్టున పెట్టారో అడగండి. ఇంజన్ బిగించిన బోల్టుల దగ్గర వాషర్లు దిగబడ్డాయేమో వేలుతో తడిమి చూడండి. ఫ్లోర్ కింద ఫోమ్, దూలాలు, ట్రాన్సమ్ పోయినా బోటు బాగవుతుంది, ఖర్చు లెక్కేసుకుని దిగొచ్చు. అడుగు పొరే రెండుగా విడిపోయినా, పక్కనుంచి చూస్తే అడుగు గీత వంకర కనపడినా నేను వద్దనే చెబుతాను. ఇంజన్ విడిగా పనికొస్తే తీసుకోండి. ఈ ఓనరు ముందు ఇంజన్ మీద పెట్టిన డబ్బు, మా షెడ్డులో అయిన మొత్తం ఖర్చు దగ్గర దగ్గర సమానం. మొదటి రోజే తూచి ఉంటే ఆ మొదటి సగం మిగిలేది.

మన జిల్లాలకి వానంటే అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. ఆ మూడు నెలలూ బోటు షెడ్డులో ఉండాలి. ముక్కు ఎత్తి, డ్రెయిన్ ప్లగ్ తీసి, టార్పాలిన్ వాలుగా కట్టి, పెట్రోలంతా దించేసి, ఇంజన్‌ని మంచినీళ్ళతో కడిగి పెట్టాలి. వానల ముందొకసారి, వెనకొకసారి కాటా. మొదటి వానాకాలం అయ్యాక తూస్తే 500 చూపించింది. ఆ పది కిలోలు కాటా ఒక మెట్టు తేడా. అయినా మూతలు విప్పి చూశాం. వెనక ఎడమవైపు మూత కింద కొంచెం తడి ఉంది, దాని రబ్బరు రింగు ఒకచోట తెగింది. రింగు మార్చి, రెండు రోజులు మూతలు తెరిచి పెట్టి ఆరాక బోటు ఇంటికి పంపాం.